చేతిదా, గుండెదా

మా అక్క గుండెలో గడ్డ ఉందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను ఆవిడ బల్లమీది పెన్నుల డబ్బా వంక చూస్తున్నాను. అందులో సగం పెన్నులకు మూతల్లేవు. ఇలాంటి కబురు వింటే కాళ్ళకింద భూమి కదిలిపోతుందంటారు. నా కింద ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కూడా కదల్లేదు. ఈ మూతలన్నీ ఎక్కడికి పోతాయా అని మాత్రం అనుకున్నాను.

"గడ్డంటే, క్యాన్సరా అండీ?" అని అక్కే అడిగింది.

"కాదమ్మా, చూస్తే అలా లేదు. ఇది మెత్తటి గడ్డ, జెల్లీలా ఉంటుంది. ఇదిగో." డాక్టరమ్మ తెరను మావైపు తిప్పింది. "ఇది గుండెలో ఎడమవైపు పైగది. ఇది మధ్యగోడ. ఆ గోడకి చిన్న కాడతో వేలాడుతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తలుపులోంచి కింది గదిలోకి జారి మళ్ళీ పైకొస్తోంది. లేచి నిలబడితే మీకు కళ్ళు తిరగడం, పక్కకి తిరిగి పడుకుంటే తేలిగ్గా ఉండటం అందుకే."

అక్క కన్నార్పకుండా చూసింది. బూడిదరంగు గదిలో బూడిదరంగు ముద్ద ఒకటి పైకీ కిందికీ ఊగుతోంది.

"లోపల బోలెడు చోటున్నా డోరు దగ్గరే వేలాడే రకం" అంది అక్క. ఆమె సిటీబస్సు నడుపుతుంది. లోకంలో ఏది చూసినా ఆమెకు బస్సులోంచే కనిపిస్తుంది.

డాక్టరమ్మ నవ్వి, అంతలోనే సర్దుకుంది. "తీసేస్తే పోతుంది. ఆపరేషన్ పెద్దదే గానీ మాకు కొత్త కాదు. నా బెంగ గడ్డ గురించి కాదు, మీ జ్వరం గురించి. ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళకి ఏ క్రిమీ లేకపోయినా జ్వరం వస్తుంది, బరువు తగ్గుతారు. మీదీ అదే అయితే నిదానంగా పరీక్షలన్నీ చేసుకుని, వీలు చూసుకుని తీసేద్దాం. కాకపోతే ఒక్కోసారి గడ్డకే ఇన్ఫెక్షన్ పడుతుంది. చాలా అరుదు. అరుదే గానీ, పడితే మాత్రం అది మురిగిన పండే. ఎప్పుడు ఏ ముక్క రాలుతుందో చెప్పలేం. రాలిన ముక్క రక్తంలో కొట్టుకుపోయి మెదడుకో, కంటికో, కాలికో అడ్డం పడుతుంది. క్రిమిని కూడా వెంట తీసుకెళుతుంది. అప్పుడిక వీలు చూసుకోవడాలుండవు. మందు ఎక్కిస్తూ వెంటనే కొయ్యాలి."

"ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

"రక్తం కల్చర్ చేస్తే" అని డాక్టరమ్మ నావంక చూసింది. అక్కా నావంకే చూసింది. అప్పుడు నేను పెన్నుల మీంచి చూపు తిప్పక తప్పలేదు.

ఆ ఆసుపత్రిలోనే నాది రక్తం తీసే ఉద్యోగం. పొద్దున్నే ట్రే పట్టుకుని వార్డుల మీద పడతాను. రోగులు నన్ను దోమ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు మొహమ్మీదే, "దోమమ్మా, ఇవాళ ఎడంచేయి తీసుకో" అని చెయ్యి చాపుతున్నారు. నేనూ పలుకుతాను. సూది గుచ్చేదాన్ని దేవత అంటారా ఎవరైనా.

జ్వరం తగ్గనివాళ్ళ రక్తాన్ని కల్చర్ సీసాల్లో పోస్తాం. క్రిములు తిని పెరగడానికి పనికొచ్చే నీళ్ళు అందులో ఉంటాయి. వెచ్చటి పెట్టెలో ఉంచితే, రక్తంలో క్రిమి ఉన్నట్టయితే ఒకటి రెండు రోజుల్లో పెరిగి బయటపడుతుంది. ల్యాబులో దాన్ని 'మొలిచింది' అంటారు. చిక్కల్లా ఏమిటంటే మనందరి చర్మమ్మీదా ఒక క్రిమి కాపురం ఉంటుంది. దాని మానాన అది బతుకుతుంది, ఎవరి జోలికీ రాదు. గుచ్చేచోట సరిగ్గా తుడవకపోయినా, తుడిచాక మళ్ళీ వేలు పెట్టినా సూదివెంట సీసాలోకి దిగి మొలిచి కూర్చుంటుంది. మనిషి ఒంట్లో ఏమీ ఉండదు, సీసాలో మాత్రం ఉంటుంది. అందుకని చర్మపు క్రిమి మొలిస్తే మా ఆసుపత్రిలో ఇంకెవరూ బుర్ర గోక్కోరు. దానికొక పేరు సిద్ధంగా ఉంది, చేతి మురికి అని.

ఆ పేరు పెట్టింది కల్చర్ ల్యాబు పెద్ద. ఆయన్ని మేమంతా సబ్బుసారు అంటాం. ఎదురుపడితే ముందు అడిగేది "సబ్బుతో కడుక్కున్నావా?" అనే. పోయిన వానాకాలంలో నేను తీసిన సీసాలు కొన్ని వరసగా అలా మొలిచాయి. సబ్బుసారు నర్సులందరి ముందూ నన్ను సింకు దగ్గర నిలబెట్టి, చంటిపిల్లకి చెప్పినట్టు వేలువేలూ ఎలా రుద్దాలో చూపించాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆనాటినుంచీ చర్మం ఊడొచ్చేలా రుద్దుతూనే ఉన్నాను, అయినా పడిన పేరు పోలేదు. ఎక్కడ ఏ సీసా మొలిచినా "దోమ తీసిందా?" అని ఒక ప్రశ్న వచ్చేది.

అక్క వార్డులో చేరింది. మొదటిసారి రక్తం వేరేవాళ్ళ చేత తీయిద్దామన్నాను. "ఇంట్లో దోమని పెట్టుకుని అద్దె దోమ ఎందుకే" అంది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆమెకి పెళ్ళి కలిసిరాలేదు, నాకు అసలు రాలేదు. పొద్దున్నే ఆమె బస్సెక్కుతుంది, నేను ట్రే ఎత్తుకుంటాను, సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్ళు వండుతారు. అంతకన్నా మా గురించి చెప్పేందుకు ఏమీ లేదు.

రెండు చేతులకీ రెండుచోట్ల గుచ్చి, ఒక్కో సీసా నింపాను. మర్నాడు సబ్బుసారు వార్డుకి ఫోన్ చేశాడు. నర్సు నాకు అందించింది.

"రెండిట్లో ఒకటి మొలిచింది. చర్మపు క్రిమే. చేతి మురికి" అన్నాడు.

ఆ రెండు మాటలు వింటే నాకు ఎప్పుడూ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆరోజు ఎక్కలేదు. ఎవరో నా భుజమ్మీద చెయ్యేసి పక్కన కూర్చోబెట్టినట్టయింది. "అవును సార్, నాదే అయ్యుంటుంది సార్" అన్నాను. వాదించకుండా నేను ఒప్పుకోవడం ఆయన వినడం అదే మొదటిసారి.

ఆ పూట నాకు ఆకలేసింది. గడ్డ సంగతి తెలిసినప్పటినుంచీ తిండి ఏదో తప్పనిసరి పనిలా లోపలికి పంపిస్తున్నాను గానీ రుచి తెలియలేదు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం బిరుసుగా ఉందని గమనించాను, గొడవ కూడా పెట్టుకున్నాను. క్యాంటీన్ ఆయన "అక్క కులాసానా?" అని అడిగితే, "నా చెయ్యి మురికిదంట" అని చెప్పాను. అతనికేం అర్థమవుతుంది పాపం. ఇంకాస్త కూర వేశాడు.

రెండోసారి మళ్ళీ నేనే తీశాను. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్క కుడిచేతికి సెలైను ఉంది. ఎడమచేతిలో ఉన్నవన్నీ సన్నటి నరాలు, పైగా మొదటిసారి గుచ్చినచోట కమిలింది. ఒక్కటే పనికొచ్చేది దొరికింది. చేతులు కడుక్కున్నాను. గ్లవ్స్ మార్చాను. సీసాల మూతలు స్పిరిట్‌తో తుడిచాను. చర్మాన్ని మందుతో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా చేతులు గాల్లో పెట్టుకుని నిలబడ్డాను. నరం ఎక్కడుందో మళ్ళీ వేలితో తడిమి చూసుకోవాలని ప్రాణం లాగేసింది. తడమలేదు. చర్మాన్ని ముట్టుకోకుండానే గుచ్చాను. ఒక్క పోటుకే దొరికింది. ఆ ఒక్క పోటులోంచే రెండు సీసాలూ నింపాను.

ఈసారి రెండూ మొలిచాయి. అదే క్రిమి.

డాక్టరమ్మ అక్క మంచం దగ్గరికొచ్చింది. నన్నూ పిలిపించింది. ఆవిడ అరిచే మనిషి కాదు, మెల్లగానే అడుగుతుంది, కానీ అడిగినదానికి జవాబు చెప్పేదాకా కళ్ళు తిప్పదు.

"రెండూ ఒకే పోటులోంచి తీశావా?"

"అవునండీ. ఇంకో నరం దొరకలేదు."

"అలాగైతే ఒకే మురికి రెండిట్లోకీ వెళ్ళి ఉండొచ్చు. గుర్తు తెచ్చుకుని చెప్పు. చర్మం తుడిచాక వేలితో మళ్ళీ ముట్టుకున్నావా?"

గుర్తు తెచ్చుకోవడానికేముంది. నిన్నటి సంగతి. ముట్టుకోలేదు అంటే ఆ క్రిమి సీసాలోకి ఎక్కణ్ణించి వచ్చినట్టు? నా వేలినించి కాకపోతే ఇంకెక్కణ్ణించి? మంచమ్మీద అక్క దుప్పటి అంచు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది.

"ముట్టుకున్నానండీ" అన్నాను. "నరం సరిగ్గా తెలియలేదు. తడిమి చూశాను."

డాక్టరమ్మ ఊపిరి వదిలింది. విసుగో, ఊరటో నాకు తెలియలేదు. "అయితే ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ తీయాలి. అది తేలేదాకా మందు మొదలుపెట్టను, మందు పడిందంటే సీసాలో ఏదీ మొలవదు, మనం గుడ్డివాళ్ళమవుతాం. ఈసారి నువ్వొద్దు."

"సరేనండీ" అన్నాను. నాకు సిగ్గెయ్యలేదు, భయం వెయ్యలేదు. చాలా బరువైన సంచీ ఒకటి కింద దించినట్టుంది. తప్పని తెలుసు. తెలిసినా ఏమీ కాలేదు లోపల.

అక్క దుప్పటి మడతలోంచి తలెత్తలేదు. "క్యాంటీన్‌లో ఇవాళేం కూరే?" అని మాత్రం అడిగింది.

ఈ సంగతి సబ్బుసారు చెవినపడింది. ఆయన ఒంటికాలి మీద లేచి, ల్యాబు వదిలి, మెట్లెక్కి వార్డుకే వచ్చేశాడు. "తుడిచిన చోట వేలుపెట్టిందిట! ఇన్నేళ్ళ సర్వీసు! నేనే తీస్తాను, చూస్తాను" అంటూ వచ్చి సింకు దగ్గర నిలబడ్డాడు. ఆ కడుగుడు చూసి తీరాలి. మోచేతుల దాకా నురగ. పక్క మంచం ముసలాయన "స్నానం కూడా ఇక్కడేనా బాబూ" అన్నాడు.

సబ్బుసారు మనిషి చేతికి సూది గుచ్చి ఏళ్ళు గడిచాయి. ఆయన పనంతా సీసాలతోనే. సూదిని వెలుతురుకెత్తి ఒకసారి, నరం మీదికి వంగి ఒకసారి చూసుకున్నాడు. అక్క ఆయన మొహంలోకి చూసి, "మెల్లగా కానివ్వండి సార్, బ్రేకులు బాగానే ఉన్నాయి" అంది. సెలైను ఆపించి, కుడిచేతిని కూడా ఖాళీ చేయించుకున్నాడు. అటూ ఇటూ వేర్వేరుగా, మధ్యలో ఎడం ఇచ్చి, మొత్తం నాలుగు సీసాలు నింపాడు. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. ఆయన వేలు ఒక్కసారైనా చర్మానికి తగులుతుందేమోనని రెప్పవెయ్యకుండా చూశాను. తగల్లేదు. ఒకచోట మోచెయ్యి మంచం పట్టీకి తగిలింది. అది కూడా మురికే కదా అనుకున్నాను, దాన్ని మనసులో దాచుకున్నాను.

సీసాలు వెచ్చటి పెట్టెలోకి వెళ్ళాయి. మేం ఎదురుచూడటంలోకి వెళ్ళాం.

ఎదురుచూడటమంటే నేను పెద్దగా చేసిందేమీ లేదు. వార్డులు తిరిగాను, చేతులకి రబ్బరుపట్టీ బిగించాను, విప్పాను. ఎవరో అమ్మాయి నొప్పికి ఏడ్చింది, నేను సారీ చెప్పలేదని ఫిర్యాదు చేసింది. అదీ నిజమే. ఇంటికెళ్ళి అక్క దువ్వెన, రాత్రి తొడుక్కునే గౌనూ తెచ్చాను. కొక్కేనికి ఆమె యూనిఫాం చొక్కా వేలాడుతోంది, జేబులో డ్యూటీ కార్డు ఉంది. చూశాను, తలుపు వేసుకుని వచ్చేశాను. మామూలు మనుషులైతే అక్కడ ఆ చొక్కా పట్టుకుని ఏడుస్తారని నాకు తెలుసు. ఏడుపుకి నేనేం అడ్డు చెప్పలేదు, అదే రాలేదు.

సాయంత్రం అక్కకి జ్వరం పెరిగింది. అరచేతిలో చిన్న చిన్న ఎర్రమచ్చలు కనిపించాయి, గుండెలో క్రిమి పట్టినవాళ్ళ చేతుల్లో నేను చూసినలాంటివే. చూపిస్తే డాక్టరమ్మ మొహం ఎలా మారుతుందో ఊహించుకుని, చూపించకుండా ఉందామా అని ఒక్క క్షణం అనుకున్నాను. అక్కే పిలిచి చూపించింది. డాక్టరమ్మ ఆ మచ్చలు నొక్కి చూసి, ల్యాబుకి ఫోన్ చేసి, ఇంకా ఏమీ మొలవలేదని విని, "రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను. మొలిచినా మొలవకపోయినా మందు మొదలుపెడతాను" అంది.

"ఏమీ మొలవలేదంటే మంచిదేగా?" అంది అక్క, ఆవిడ వెళ్ళాక.

"మంచిదే" అన్నాను.

"సబ్బుసారు చేతికి మొలవలేదు, నీ చేతికి మొలిచింది."

"అవును. నాది మురికి చెయ్యి."

"అదే మరి" అని అక్క పక్కకి తిరిగి పడుకుంది, తేలిగ్గా ఉండే వైపు.

మర్నాడు అన్నం తింటోంది. నేను పక్కన కూర్చుని నీళ్ళ సీసా మూత తీస్తున్నాను. అక్క చెంచా ఆపి, "లైటు పోయిందా?" అంది.

"లేదే. ఉంది."

చెంచా గిన్నెలో పెట్టింది. కుడికన్ను మూసింది, తెరిచింది. ఎడమకన్ను మూసింది, తెరిచింది. పొద్దున బస్సు తీసేముందు రెండువైపులా అద్దాలు సరిచూసుకుంటుందే, అలాగే నిదానంగా చూసుకుంది. "ఇటువైపు లేదే" అంది. "ఎడమపక్కన ఏమీ లేదు. నొప్పి కూడా లేదు. పైనుంచి షట్టరు దించేసినట్టుంది."

నేను కేకేశాను. నర్సు వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది, కంటి డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. దీపం పెట్టి కంట్లోకి చూశాడు. గడ్డలోంచి రాలిన ముక్క కంటి వెనక రక్తనాళంలో ఇరుక్కుందన్నాడు. కంటికి రక్తం ఆగిపోయింది. కళ్ళమీద నొక్కాడు, ఏదో మందిచ్చాడు, ఇంకేదో చేశాడు. చేస్తున్నప్పుడే అతని మొహమ్మీద తెలిసిపోయింది. మెదడు స్కాన్‌కి అక్కను బండిమీద తోసుకెళ్ళారు. నేను వరండాలో నిలబడ్డాను.

అప్పుడే సబ్బుసారు మెట్లెక్కి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. చేతిలో ఏమీ లేదు, ఉత్త చేతులే.

"నాలుగూ మొలిచాయి" అన్నాడు. "రెండు చేతులవీ. అదే క్రిమి. నీ సీసాల్లో ఉన్నదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటే. మొదటిసారి నుంచీ అదే." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "చర్మపు క్రిమే, కానీ ఈమెకి గడ్డలో పట్టింది. నీ చేతిది కాదమ్మా. నీ చెయ్యి శుభ్రంగానే ఉంది. నేను... అందరిముందూ చెబుతాను కావాలంటే. నాదే పొరపాటు."

వానాకాలంలో ఈ మాట కోసం నా కళ్ళు కాయలు కాచాయి. సింకు దగ్గర నిలబెట్టినరోజు రాత్రి ఈ మాటలే మనసులో ఆయన చేత అనిపించుకుంటూ నిద్రపోయాను. ఇప్పుడు ఆయన నిజంగా అంటున్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"మీ మోచెయ్యి మంచానికి తగిలింది సార్" అన్నాను.

"ఏంటి?"

"మీరు తీసినప్పుడు. మోచెయ్యి తగిలింది. సబ్బుతో సరిగ్గా కడుక్కున్నారా సార్? ఇంకోసారి తీయండి. మీ చేతిదేమో."

ఆయన నావంక చూశాడు. కోప్పడలేదు. "కడుక్కున్నానమ్మా" అన్నాడు. "సరిగ్గానే కడుక్కున్నాను."

స్కాన్‌లో మెదడులో రక్తం చిమ్మలేదని తేలింది. అది చిమ్మి ఉంటే ఆపరేషన్ చెయ్యడానికి కూడా ఉండేది కాదట. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. గుండె కోసే సర్జనొచ్చి నాకు చెప్పాడు. పొట్టి మనిషి, తొందర తొందరగా మాట్లాడతాడు. గుండెను ఆపి, రక్తాన్ని మిషను మీదికి మళ్ళించి, పైగది తెరుస్తారట. గడ్డని లాగకూడదు, లాగితే చితుకుతుంది. కాడతో పాటు అది అంటుకున్న గోడముక్కని కూడా కోసి తీసి, ఆ కన్నానికి అతుకు వేస్తారట. "చిన్న రవ్వ కూడా మిగలనివ్వం. మిగిలితే మళ్ళీ వస్తుంది" అన్నాడు. ఇంకేమైనా అడగాలా అన్నాడు. మీ పెన్నుకి మూత ఉందా అని అడగాలనిపించింది.

అక్కని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "ఏడవకే" అంది. నేను ఏడవట్లేదు. చూసే కన్ను నావైపు లేదు.

చాలాసేపటికి థియేటర్ తలుపు తెరుచుకుంది. ఒక నర్సు మూతపెట్టిన డబ్బా పట్టుకుని వచ్చింది. "ఇది ల్యాబుకి వెంటనే వెళ్ళాలి, వార్డుబాయ్‌లు ఎవరూ లేరు, నువ్వు మన స్టాఫేగా" అని నా చేతిలో పెట్టింది. నేనెవరి చెల్లెలినో ఆమెకు తెలియదు. అక్క ఎలా ఉందని అడిగాను. "ఎవరక్క?" అంది. చెప్పాను. ఆమె నాలుక కరుచుకుంది. "గుండె మళ్ళీ కొట్టుకుంటోంది. కుడుతున్నారు" అని, డబ్బా వెనక్కి తీసుకోబోయింది. నేను ఇవ్వలేదు.

మెట్లు దిగుతూ దాన్ని చూశాను. డబ్బా గోడలోంచి కనిపిస్తోంది. కోడిగుడ్డంత ఉంది. ఒకపక్క మెరుస్తూ జెల్లీలా, ఇంకోపక్క పసుపుపచ్చగా, పెచ్చులు పెచ్చులుగా ఊడుతూ ఉంది. ఆ పెచ్చుల్లోదే ఒకటి మా అక్క కంట్లోకి వెళ్ళింది. డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉందనిపించింది, నా చేతి వేడేనేమో. అప్పుడు కోపం వచ్చింది నాకు. ఇన్నాళ్ళుగా ఏమీ లేనిచోట కోపం అంతా ఒక్కసారిగా వచ్చింది. డబ్బాని మెట్లమీద విసిరికొడదామనుకున్నాను. విసరకుండా తీసుకెళ్ళి సబ్బుసారు బల్లమీద పెట్టాను. ఆయన లేచి నిలబడి తీసుకున్నాడు. అందులోనూ అదే మొలిచిందని తర్వాత చెప్పాడు.

అక్క బతికింది. ఐసీయూలోంచి వార్డుకొచ్చింది, లేచి కూర్చుంది, క్యాంటీన్ అన్నాన్ని తిట్టింది. లేచి నిలబడితే కళ్ళు తిరగడం లేదు. జ్వరం పోయింది. ఎడమకంటికి చూపు మాత్రం రాలేదు, రాదని కంటి డాక్టరు చెప్పాడు. డిపో నుంచి పెద్దాయన పళ్ళు పట్టుకుని చూడటానికొచ్చి, టికెట్ల కౌంటర్లో ఏదో ఒకటి చూద్దాంలే అన్నాడు. అక్క నవ్వుతూ ఆయనకి దణ్ణం పెట్టింది. ఒంటికన్నుతో బస్సు ఇవ్వరని ఆమెకి ఆయన కన్నా బాగా తెలుసు. ఆయన వెళ్ళాక ఆ పళ్ళు నన్ను తినమంది.

మందు ఆరు వారాలు నరంలోకి ఎక్కించాలి. ఇంటికి పంపేటప్పుడు చేతికి సన్నటి గొట్టం పెట్టి పంపారు. పొద్దునా సాయంత్రం నేనే ఎక్కిస్తున్నాను. కిటికీ దగ్గర కుర్చీలో అక్క కూర్చుంటుంది, కొక్కేనికి మందు సంచీ వేలాడదీస్తాను. ఆ కొక్కేనికి ఇదివరకు చొక్కా ఉండేది. దాన్ని అక్కే మడతపెట్టి బీరువాలో పెట్టేసింది.

ఒక సాయంత్రం చుక్కలు పడటం చూస్తూ చెప్పేశాను. చెప్పాలని ముందుగా అనుకోలేదు. ఇంటిముందు నుంచి ఆమె నడిపిన రూటు బస్సు వెళ్ళింది, గేరు మార్చిన చప్పుడు విని అక్క మొహం చిట్లించింది, "క్లచ్ పూర్తిగా తొక్కడు వీడు" అంది. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"అక్కా, రెండోసారి రక్తం తీసినప్పుడు నేను ముట్టుకోలేదు. తుడిచాక వేలు పెట్టలేదు. డాక్టరమ్మకి అబద్ధం చెప్పాను. నిజం చెప్పి ఉంటే ఆ రోజే మందు పడేది. ఆ మర్నాడో ఎప్పుడో కోసేసేవాళ్ళు. నీ కన్ను ఉండేది."

అక్క కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ముట్టుకోలేదని. చెయ్యి నాది కదే. ముట్టుకుంటే నాకు తెలీదా?"

డాక్టరమ్మ అడిగినప్పుడు ఆమె దుప్పటి అంచు మడతపెడుతూ విప్పుతూ అక్కడే ఉంది. ప్రతిమాటా విన్నది.

"మరి చెప్పలేదేం?" అన్నాను. "నేను అబద్ధమాడుతుంటే పక్కనే ఉండి ఊరుకున్నావేం?"

అక్క నావైపు తిరిగింది. చూసే కన్ను నామీద పడాలంటే ఇప్పుడు తల పూర్తిగా తిప్పాలి.

"నువ్వు ముట్టుకున్నానన్నావు చూడు," అంది, "హమ్మయ్య అనిపించిందే."

నేను ఆమె పాదాల దగ్గర కూలబడ్డాను. ఏడుపొచ్చింది. పెద్దగా, అసహ్యంగా, ఇరుగుపొరుగు వినేలా వచ్చింది. అక్క ఊరుకోమనలేదు. గొట్టం లేని చెయ్యి నా తలమీద పెట్టి అలాగే ఉంచింది. మందు అయిపోయేదాకా ఇద్దరం లేవలేదు.